నెత్తిన గూడు, గూటికో కంత

పాతకాలం వాళ్లు ఇప్పటికీ మానుకోట అని పిలిచే మహబూబాబాద్‌కు ఆ కొత్త పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ మీదుగా వచ్చిందని చెబుతారు. ఆ నిజాం ఇంగ్లండులోని రోల్స్ రాయిస్ వాళ్లకు ఒక కారు పురమాయించాడు. సిల్వర్ గోస్ట్ ఛాసిస్ మీద బార్కర్ అనే కంపెనీ బాడీ కట్టింది. పచ్చటి పసుపు రంగు. వెనక సీటు మిగతా సీట్ల కంటే ఎత్తుగా, సింహాసనంలా ఉంటుంది. అందుకే దానికి ‘థ్రోన్ కార్’ అన్న పేరు పడింది. కారు చేతికందక ముందే, 1911 ఆగస్టు 29న మహబూబ్ అలీఖాన్ కన్నుమూశాడు. అది ఆయన కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కింది. ఆ తర్వాత దశాబ్దాలు గడిచినా అది తిరిగింది కొన్ని వందల మైళ్లే. ఊరి నుంచి ఊరికి పోవడానికి చేయించిన బండి కాదది. అందులో కూర్చున్న మనిషి వీధిలో నిలబడ్డ జనానికి కనబడాలి, అంతే దాని పని.

నూట పదేళ్లు దాటాయి. హన్మకొండ షోరూముల్లో కారు చూడటానికి వచ్చిన కుటుంబం మైలేజీ తర్వాత, కొన్నిసార్లు మైలేజీ కంటే ముందే అడిగే మాట ‘సన్‌రూఫ్ ఉందా?’ అని. వాళ్లలో జనగామ వాళ్లుంటారు, మహబూబాబాద్ వాళ్లుంటారు, భూపాలపల్లి సింగరేణి బొగ్గు గనుల క్వార్టర్ల నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. కారు కప్పులో గాజు కిటికీ ఉంటే లాభమా నష్టమా అని ఈ ప్రాంతంలో అడిగితే జవాబు చెప్పడానికి కారు ఒక్కదాన్నీ చూస్తే చాలదు. ఈ గడ్డ మీద బండెక్కిన వాడి నెత్తిన ఏముండాలన్నది ఎండనూ వాననూ బట్టి మాత్రమే తేలిన సంగతి ఎప్పుడూ కాదు. ఎవరు కనబడాలి, ఎవరు కనబడకూడదు, ఎవరు నీడన కూర్చోవాలి, ఎవరు ఎండన ఉరకాలి అన్న లెక్కలు అందులో కలిసే ఉన్నాయి.

ఈ మూడు ఊళ్లూ జిల్లా కేంద్రాలైంది 2016 అక్టోబర్ 11న. అంతకు ముందు మూడూ ఉమ్మడి వరంగల్ జిల్లాలోవే. ఇంకా వెనక్కి పోతే నిజాం ఇలాకా. అప్పట్లో ఊళ్లో మామూలు బండి అంటే కప్పు లేని ఎడ్లబండి. పెంట తోలడానికైనా, వడ్లు తేవడానికైనా, అంగడికి పోవడానికైనా అదే. వడ్రంగి చక్రం చేసేవాడు, కమ్మరి ఇనుప పట్టా ఎర్రగా కాల్చి చక్రానికి ఎక్కించేవాడు. బండి మీద గూడు కట్టాలంటే మాత్రం మేదరి చెయ్యి కావాలి. వెదురు బద్దలు విల్లులా వంచి, రెండు పక్కలా బిగించి, పైన చాపో తడకో పరిచేవాళ్లు. కలిగినవాళ్లు సవారీకి వాడే గూడుబండికి, అంటే కచ్చురానికి, ఆ పైన గుడ్డ, ముందూ వెనకా పరదా. పెళ్లిళ్లకూ పేరంటాలకూ దొరల ఇళ్ల ఆడవాళ్లు అందులోనే పోయేవాళ్లు. లోపలి మనిషి బయటికి కనబడకపోవడమే దాని గొప్ప.

ఆ గూడు పనితనం గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. చాప ఎండను ఆపుతుంది, గాలిని ఆపదు. వేడెక్కిన గాలి అల్లిక సందుల్లోంచి, తెరిచి ఉన్న రెండు కొసల్లోంచి పోతూనే ఉంటుంది. ఒంపు తిరిగిన కప్పు కాబట్టి వాన నీళ్లు నిలవవు. మోటారు లేదు, రబ్బరు లేదు, పాడైతే ఒక పూటలో కొత్తది అల్లుకోవచ్చు. మేదరి వాడకట్టులో ఆ పని నేర్చినవాళ్లకు మే నెల సూర్యుడి సంగతి బాగా తెలుసు.

కానీ అదే కచ్చురం బయట ఇంకో కథ నడిచేది. జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్ లాంటి భూస్వాముల హయాంలో వెట్టి ఎలా సాగిందో పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో వివరంగా ఉంది. దొరలూ దొరసానులూ మేనాల్లో పోతే బోయీలు మైళ్లకు మైళ్లు మోయాలి, కూలి లేదు. దొర వడిగల ఎడ్లు కట్టిన బండిలో పోతే, వెట్టివాళ్లు బండికి ముందు దారి తీస్తూ కొందరు, వెనక కాపలాగా కొందరు ఉరకాలి. ఎడ్లతో సమానంగా పరుగు. లోపల నీడ, బయట ఎండ. ఒకే ప్రయాణం, ఒకే దారి. పాలకుర్తి చాకలి ఐలమ్మ తన పంట కోసం నిలబడ్డదీ, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తూటాకు ఒరిగిందీ ఈ దారుల పక్కనే. ఇప్పుడవి జనగామ జిల్లాలో ఉన్నాయి. ఆ పోరాటం భూమి కోసమూ వెట్టి పోవాలనీ జరిగింది. బండి ముందు ఉరికే పని కూడా ఆ వెట్టిలో భాగమే.

దొరలు కాని మామూలు జనం కూడా కప్పున్న బండి ఎక్కిన సందర్భం ఒకటుంది: మేడారం జాతర. రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మల దగ్గరికి ఊళ్లకు ఊళ్లు బండ్లు కట్టుకుని కదిలేవి. దూరాన్ని బట్టి రోజుల తరబడి ప్రయాణం. అందుకని మామూలు చెక్కబండికే వెదురు బద్దలు వంచి, పైన గోనె పట్టాలో చాపలో కప్పి గూడు చేసేవాళ్లు. పిల్లలూ ముసలివాళ్లూ లోపల, బియ్యం మూటలు, వంట గిన్నెలు వాళ్ల పక్కన, కోళ్లు కిందికి వేలాడుతూ. జాతరలో దిగాక ఆ బండే ఇల్లు. బండి కింద పొయ్యి, బండి మీద పడక. జాతర అయ్యాక గూడు విప్పేస్తే మళ్లీ పొలం బండి. కావలసినప్పుడు కప్పు, అక్కర్లేనప్పుడు ఆకాశం. సన్‌రూఫ్‌లో జర్మనీ ఇంజనీర్లు మోటారు పెట్టి సాధించింది తాడు ముడితో ఇక్కడ ఎప్పుడో కుదిరింది. 2016 నుంచి 2019 ఫిబ్రవరిలో ములుగు విడిపోయేదాకా మేడారం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. 2018 జాతర ఆ జిల్లా పేరు మీదే జరిగింది. ఇప్పుడక్కడికి పోయేది ఎక్కువగా బస్సులూ కార్లూ. 2024 జాతరకు ఆర్టీసీ 6,000 దాకా ప్రత్యేక బస్సులు ప్రకటించింది.

రైలు సంగతి త్వరగా చెప్పేయొచ్చు. సికింద్రాబాద్ నుంచి వరంగల్ మీదుగా బెజవాడ దాకా లైను 1880ల్లో పూర్తయింది. జనగామ, మహబూబాబాద్ రెండూ దాని మీద స్టేషన్లే. భూపాలపల్లికి ఇప్పటికీ ప్రయాణికుల రైలు లేదు. అందుకే అక్కడ రోడ్డు మీద నడిచే బండికి ఉన్న విలువ వేరు.

అసలు కథ బస్సుతో మొదలవుతుంది. 1932 జూన్‌లో నిజాం రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. అది 1951లో హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ అయింది. ఆ తర్వాత తెలంగాణ ఆర్టీసీ అయింది. ఈ వరసలో ఎక్కడా రాయని ఒక అంతస్తు ఉంది, బస్సు టాపు. వెనక నిచ్చెన, పైన ఇనుప కటకటాలు. అది సామానుకని పెట్టింది. కూరగాయల గంపలు, మంచాలు, నాగళ్లు, సైకిళ్లు, మేకలు అన్నీ ఎక్కేవి. ఆ వెనకే మనుషులూ ఎక్కేవాళ్లు. లోపల సీటు దొరికితే అదృష్టం, దొరక్కపోతే టాపు. కుర్రాళ్లకు మాత్రం లోపల సీటున్నా టాపే కావాలి. చింతకొమ్మ తగలకుండా తల వంచడం, కరెంటు తీగ కనబడగానే పడుకోవడం అన్నవి ఒకరు చెప్పకుండానే వచ్చిన విద్యలు.

ఇక్కడ పాత లెక్క కొంచెం మారింది. కచ్చురం కాలంలో కప్పు కింద ఉండేది పెద్దవాళ్లు. బస్సు కాలంలోనూ అంతే, కాకపోతే టికెట్ కొన్నవాళ్లంతా ఆ కప్పు కిందికి రావచ్చు. ఎవడు పైనుంటే వాడు మిగిలిపోయినవాడు. బస్సు చేరని ఊళ్లకు తిరిగిన కమాండర్ జీపుల్లోనూ ఇదే వరస. లోపల కిక్కిరిసి, వెనక వేలాడి, ఇక చోటు లేదనుకున్నప్పుడు పైకి. పెళ్లి బృందాలకూ పార్టీ సభలకూ జనాన్ని తోలిన డీసీఎం వ్యాన్లకైతే కప్పే ఉండదు. మిర్చి ఏరడానికి కూలీలను తీసుకుపోయే ట్రాక్టర్ ట్రాలీలకూ అంతే. మహబూబాబాద్ చుట్టుపక్కల మిర్చి పంట చేతికొచ్చే ఎండాకాలం పొద్దుల్లో ఆ ట్రాలీల్లో తలకు కొంగు చుట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు ఇప్పటికీ కనబడతారు. వాళ్లకు ఆకాశం కనబడుతూనే ఉంటుంది. దానికి ఎవరూ అదనపు డబ్బు అడగరు.

అయితే కప్పు మీదికి ఎక్కడం గొప్పతనంగా మారిన రోజు ఒకటి వచ్చింది. 1982 మార్చి 29న నందమూరి తారక రామారావు తెలుగుదేశం పార్టీ పెట్టి, పాత షెవర్లే వ్యాన్ ఒకటి తీసుకుని దానికి చైతన్య రథం అని పేరు పెట్టాడు. లోపల పడుకోవడానికి, రాసుకోవడానికి చోటు. పైన నిలబడి మాట్లాడటానికి వేదిక, మైకు. కొడుకు హరికృష్ణ డ్రైవరు. ఆ బండి రాష్ట్రమంతా తిరిగిన దూరం 75,000 కిలోమీటర్లని లెక్క చెబుతారు. అంతకు ముందు నాయకుడంటే సభ దగ్గర కారు దిగి మెట్లెక్కి మాట్లాడేవాడు. ఈయన బండి దిగకుండానే, లోపలి నుంచి పైకొచ్చి మాట్లాడాడు. పొలం గట్టు మీదున్నవాళ్లకు కూడా కనబడ్డాడు. 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశాడు. గెలుపుకు కారణాలు చాలా ఉండొచ్చు గానీ, తెలుగునాట రాజకీయ వాహనానికి పైకప్పు వేదికగా స్థిరపడింది మాత్రం ఆ వ్యాన్‌తోనే. థ్రోన్ కార్‌లో ఎత్తు సీటు చేయాల్సిన పని, ఓట్ల కాలంలో టాపు చేసింది.

ఆ తర్వాత అన్ని పార్టీలకూ ప్రచార రథాలు వచ్చాయి. 2023 అక్టోబర్‌లో కాంగ్రెస్ బస్సు యాత్ర రామప్ప గుడి దగ్గర మొదలై భూపాలపల్లి వైపు సాగింది. 2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు బస్సు యాత్రలో ఉన్న కేసీఆర్ ప్రచారం మీద ఎన్నికల సంఘం 48 గంటల నిషేధం పెట్టిన మే 1న ఆయన మహబూబాబాద్ రోడ్‌షోలో ఉన్నాడు. పెద్ద నాయకులకు ప్రత్యేకంగా కట్టించిన బస్సులుంటాయి. మండల స్థాయి వాళ్లకు అంత ఖర్చు ఎక్కడిది? వాళ్లకు దొరికిన చైతన్య రథం పేరే సన్‌రూఫ్. సీటు మీద నిలబడి, కప్పులోంచి నడుము దాకా బయటికొచ్చి దండం పెడితే చాలు. ఎన్నికలు అయిపోగానే అదే కారు పెళ్లి బరాత్‌కు అద్దెకు పోతుంది. అప్పుడు పెళ్లికొడుకూ పెళ్లికూతురూ పైకొస్తారు, ముందు డీజే, చుట్టూ చుట్టాల ఫోన్లు. పరదాల కచ్చురంలో అత్తారింటికి పోయిన ముత్తవ్వ మునిమనవరాలు కప్పు తెరిచి, చేతులు పైకెత్తి ఊరేగుతోంది. ఈ ఒక్క మార్పు కోసమైనా సన్‌రూఫ్‌ను మెచ్చుకోవాల్సిందే.

మరి ఆ సన్‌రూఫ్ పుట్టిందెక్కడ? ఎండ కోసం మొహం వాచిన దేశాల్లో. జర్మనీలో మ్యూనిక్ పక్కన స్టాక్‌డార్ఫ్ అనే ఊళ్లో ఉన్న వెబాస్టో కంపెనీ 1930ల్లో కార్లకు మడిచే గుడ్డ కప్పులు చేయడం మొదలుపెట్టింది. అమెరికాలో నాష్ కంపెనీ 1937లో సన్‌రూఫ్‌ను అమ్మకానికి పెట్టింది. 1965లో హైంజ్ ప్రెక్టర్ అనే జర్మన్ యువకుడు లాస్ ఏంజెలిస్‌లో అమెరికన్ సన్‌రూఫ్ కంపెనీ పెట్టి, జనం తెచ్చిన కార్ల కప్పులు కోసి సన్‌రూఫ్‌లు బిగించి ఇచ్చాడు. ఆ తర్వాత పెద్ద కంపెనీలే ఫ్యాక్టరీలో పెట్టుకున్నాయి.

మ్యూనిక్ ఉన్నది 48 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. అక్కడ సంవత్సరం మొత్తం మీద సూర్యుడు ఒక్క రోజు కూడా నడినెత్తికి రాడు. జూన్ మధ్యాహ్నం కూడా 65 డిగ్రీల ఎత్తు దాకానే. కారు కప్పుకు కంత పెడితే లోపలికి వచ్చేది ఏటవాలు వెలుతురు, అది కూడా ఏడాదిలో కొన్ని నెలలు. మహబూబాబాద్, జనగామ ఉన్నది 17, 18 డిగ్రీల మధ్య, భూపాలపల్లి 18 దాటి కొంచెం పైన. ఈ అక్షాంశాల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, నిలువు కర్రకు నీడ లేకుండా పోయే రోజు మే రెండో వారంలో వస్తుంది. మళ్లీ జూలై చివర్లోనో ఆగస్టు మొదట్లోనో వస్తుంది, అప్పుడు మబ్బు కాపాడుతుంది. మేలో ఏం కాపాడుతుంది? రోళ్లు పగిలే రోహిణి ఇంకా ముందుంది. బొగ్గు గనుల పక్క ఊళ్లలో 45 డిగ్రీలు కొత్త కాదు. వేరే ఊరి ఎండకు కుట్టిన చొక్కా ఇది, మన ఒంటికి సరిపోవాలంటే కొంత కత్తిరింపు తప్పదు.

భారతదేశంలో సన్‌రూఫ్ 2000 తర్వాత కూడా చాలాకాలం ఖరీదైన సెడాన్లకే పరిమితమైంది. 2019లో అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ నుంచి సెల్టోస్ వచ్చింది, పై వేరియంట్లలో సన్‌రూఫ్‌తో. అదే ఏడాది ఎంజీ హెక్టర్ కప్పంతా పరుచుకునే పనోరమిక్ గాజుతో దిగింది. 2020లో టాటా నెక్సాన్ మధ్య స్థాయి వేరియంట్‌లో కూడా సన్‌రూఫ్‌ను పది లక్షల లోపు ధరకే ఇచ్చింది. 2023లో హ్యుందాయ్ ఎక్స్‌టర్ లాంటి చిన్న కారుకూ అది చేరింది, నోటితో చెబితే తెరుచుకుంటుంది కూడా. పత్తి అమ్మిన డబ్బుతోనో, సింగరేణి బోనస్‌తోనో మొదటి కారు కొనే కుటుంబానికి సన్‌రూఫ్ అందుబాటులోకి వచ్చింది ఈ ఐదారేళ్లలోనే.

దాని మేలు ఏమీ లేదనడం అన్యాయం. గాజు వల్ల కారు లోపల వెలుతురు ఎక్కువ, ఇరుకనిపించదు. వెనక కూర్చున్న పిల్లలు ఫోను వదిలి పైకి చూసేది అప్పుడే. ఎండలో నిలిపిన కారులో చేరిన వేడిగాలి పైకే పోతుంది కాబట్టి, బయల్దేరే ముందు సన్‌రూఫ్ వెనక కొసను కాస్త ఎత్తితే ఆ గాలి త్వరగా బయటపడి ఏసీ మీద భారం తగ్గుతుంది. మేదరి గూడు చేసిన పని ఇదే, ఆ మాటకొస్తే. కార్తీకం నుంచి శివరాత్రి దాకా పొద్దుపొద్దున్నే పాకాల వైపో, రామప్ప వైపో, కాళేశ్వరం వైపో పోతే కప్పు తెరిచిన కారులో ఉన్న హాయి మూసిన కారులో రాదు. పాత కారు అమ్మేటప్పుడు కూడా కొనేవాళ్లు ఒక మెట్టు ఎక్కువే చూస్తారు.

ఇక రెండో వైపు. మార్చి నుంచి జూన్ దాకా పగటిపూట దాన్ని తెరిచేవాళ్లు ఎవరూ ఉండరు. తెరవకపోయినా గాజు గాజే, రేకూ దాని కింది లైనింగూ ఆపినంత వేడిని అది ఆపదు. లోపల జరిపే తెర మందంగా ఉండి పూర్తిగా మూసుకుంటే పరవాలేదు. కొన్ని కార్లలో ఆ తెర పలచటి వల గుడ్డలా ఉంటుంది. పనోరమిక్ కప్పు కింద మధ్యాహ్నం రెండింటికి వెనక సీట్లో కూర్చున్న ముసలాయన్ని అడిగితే సంగతి చెబుతాడు. గాజు జరిగే పట్టాల కోసం కప్పు లోపల చోటు పోతుంది కాబట్టి, పొడుగు మనిషికి తల తగులుతుంది. బరువు పెరుగుతుంది, అదీ కారు పైభాగాన.

దుమ్ము మరో సమస్య. భూపాలపల్లి దారుల్లో బొగ్గు టిప్పర్లు, చెల్పూరు కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం వైపు పోయే బండ్లు, మహాదేవపూర్ వైపు నుంచి గోదావరి ఇసుక తెచ్చే లారీలు ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటాయి. టార్పాలిన్ కట్టినా అంచుల్లోంచి రాలేది రాలుతూనే ఉంటుంది. ఆ సన్నటి పొడి సన్‌రూఫ్ పట్టాల్లో పూసిన గ్రీజుకు అతుక్కుని ముద్దగా మారుతుంది. మొదట కిర్రుమంటుంది, తర్వాత సగంలో ఆగుతుంది, చివరికి మోటారు మొరాయిస్తుంది. జనగామ, మహబూబాబాద్ పల్లెల్లో ఎర్రమట్టి దుమ్ముది కూడా ఇదే గుణం. కోతుల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. వైపర్లు పీకే కోతికి రబ్బరు అంచు ఒక లెక్కా?

నీళ్లు కారడం గురించి మాత్రం కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. సన్‌రూఫ్ చుట్టూ ఉన్న రబ్బరు నీటిని పూర్తిగా ఆపడానికి పెట్టింది కాదు. కొంత నీరు లోపలికి జారడం సహజం. దాన్ని పట్టుకోవడానికి గాజు కింద చుట్టూ ఒక కాలువ ఉంటుంది. మూలల్లో రంధ్రాలు, వాటికి సన్నటి గొట్టాలు. అవి కారు స్తంభాల లోపలి నుంచి దిగి నీటిని చక్రాల దగ్గర నేల మీద వదులుతాయి. వేపచెట్టు కింద నిలిపిన కారుకు పూత రాలి, చింతచెట్టు కింద నిలిపినదానికి చిన్న ఆకులు రాలి, పైన చెప్పిన పొడితో కలిసి ఆ రంధ్రాలను పూడ్చేస్తాయి. అప్పుడు నీరు దారిలేక లైనింగ్ మీదికి, అక్కడి నుంచి దీపాల దగ్గరికి, సీట్ల కిందికి, వైర్ల మీదికి వస్తుంది. యజమాని రబ్బరు పోయిందనుకుంటాడు, కొందరు దాని చుట్టూ సిలికాన్ రాసేస్తారు. రాస్తే సన్‌రూఫ్ తెరుచుకోదు, నీరు మాత్రం ఆగదు.

సన్‌రూఫ్ లేని కారు కొని, బయట కప్పు కోయించి పెట్టించుకునే వాళ్లు కొందరున్నారు. ఇది ఏ విధంగానూ మంచి పని కాదు. కారు కప్పు కేవలం మూత కాదు, బోల్తా పడ్డప్పుడు మనిషిని కాపాడే చట్రంలో భాగం. ఫ్యాక్టరీలో సన్‌రూఫ్ పెట్టేటప్పుడు దానికి తగ్గ బలం చుట్టూ కలుపుతారు. బయట కోసినప్పుడు ఆ బలం పోతుంది, తిరిగి రాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధమైన మార్పులను అనుమతించదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక కేసులో ఆ సంగతే తేల్చి చెప్పింది.

నిలబడటం గురించి కూడా చట్టంలో స్పష్టంగానే ఉంది. 123వ సెక్షన్ ప్రకారం బండి బాడీ లోపల తప్ప వేరేచోట మనిషిని ఎక్కించకూడదు, ఫుట్‌బోర్డు మీద గానీ, టాపు మీద గానీ, బానెట్ మీద గానీ ప్రయాణించకూడదు. నిన్నటి బస్సు టాపుకు వర్తించిన సెక్షనే నేటి సన్‌రూఫ్‌కు కూడా అడ్డుగా నిలుస్తుంది. నిలబడ్డ మనిషికి సీటు బెల్టు ఉండదు, దానికి 194బి కింద చట్టంలో రాసిన జరిమానా 1,000 రూపాయలు. జరిమానా చిన్న విషయం. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. ఎదురుగా బర్రె అడ్డమొచ్చి డ్రైవరు బ్రేకు కొడితే కారు ఆగుతుంది, పైకొచ్చిన పిల్లవాడి ఒళ్లు ఆగదు, కప్పు అంచు పొట్టకు తగులుతుంది. మేడారం పోయే తాడ్వాయి అడవి దారిలో రోడ్డు మీదికి వంగిన వెదురు పొదలూ కొమ్మలూ ఉంటాయి. సంక్రాంతి రోజుల్లో గాలిపటాల దారం ఉంటుంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా ఏటా పండక్కి అది ఆకాశంలో కనబడుతూనే ఉంది. బస్సు టాపు మీద పెరిగిన తరానికి కనీసం తల వంచడం తెలుసు. సన్‌రూఫ్‌లోంచి లేచిన పిల్లవాడు చూసేది ముందున్న తీగను కాదు, తల్లి చేతిలోని ఫోన్‌ను.

కాబట్టి తీర్పు చెప్పాల్సి వస్తే ఇది: ఈ మూడు జిల్లాల్లో సన్‌రూఫ్ ఎక్కువగా కనబడటానికి కొనే వస్తువు, వాడటానికి కొనేది తక్కువ. ఏడాదిలో నాలుగు నెలలు, అందులోనూ పొద్దున, సాయంత్రం పనికొస్తుంది. దాని కోసమే పై వేరియంట్‌కు పోవాల్సి వస్తే ఆ డబ్బుతో ఎక్కువ ఎయిర్‌బ్యాగులున్న వేరియంట్ ఉందేమో ముందు చూడాలి. రెండూ ఒకే వేరియంట్‌లో వస్తే తీసుకోవడంలో తప్పు లేదు, ఎండాకాలపు తెర మందంగా ఉందో లేదో మాత్రం షోరూములోనే చెయ్యి పెట్టి చూడాలి. ఇప్పటికే సన్‌రూఫ్ కారున్నవాళ్లు మిరుగు (మృగశిర కార్తె) రాకముందే ఒక పని చేయాలి. గాజు తెరిచి, పట్టాలు తడిగుడ్డతో తుడిచి, నాలుగు మూలల్లో గ్లాసెడు చొప్పున నీళ్లు మెల్లగా పోసి కిందికి వంగి చూడాలి. చక్రాల పక్కన నేల తడిస్తే గొట్టాలు బాగున్నట్టు, తడవకపోతే ఆ రోజే మెకానిక్ దగ్గరికి పోవాలి.